రెండే మెట్లు కదండీ! వీల్‌చైర్‌తో విదేశం వెళ్లేవారికి ఏ దేశం నయం?

గుంటూరు బ్రాడీపేటలో మా ఇంటి నుంచి శంకర్‌విలాస్ సెంటర్ పట్టుమని కిలోమీటరు ఉండదు. నడుము దెబ్బతిని వీల్‌చైర్‌లోకి వచ్చి పదిహేనేళ్లు దాటింది. ఆ కిలోమీటరు ఇంతవరకు ఒక్కసారి కూడా ఒంటరిగా వెళ్లలేదు. గేటు ముందు మురుగుకాలువ మీద ఊగే బండ, దాన్ని ఆనుకుని నాలుగు మోటారు సైకిళ్లు, ఫుట్‌పాత్ మొదట్లో మోకాలెత్తు గట్టు, ఆ గట్టెక్కితే ఎదురుగా కరెంటు ట్రాన్స్‌ఫార్మర్. ఎవరైనా పెళ్లికి పిలిస్తే "హాలుకు మెట్లున్నాయా?" అని అడుగుతాను. జవాబు ఎప్పుడూ ఒక్కటే: "రెండే మెట్లు కదండీ, మనవాళ్లు ఎత్తేస్తారు!"

ఆ ఎత్తడమే నా కొలమానం. ఇంట్లోంచి బయలుదేరి తిరిగి వచ్చేలోపు నన్ను మనుషులు ఎన్నిసార్లు ఎత్తారో లెక్క వేసుకుంటాను. మొన్న విజయవాడలో ఒక నిశ్చితార్థానికి వెళ్లొస్తే ఆరు తేలింది. ఎత్తేవాళ్ల మంచితనానికి లోటు లేదు. కానీ ఎత్తిన ప్రతిసారీ ఎవరి నడుమో పట్టేస్తుంది, నా చొక్కా పైకి లేచిపోతుంది, పది మంది తలతిప్పి చూస్తారు. అందుకే విదేశాల్లో ఎక్కడికి వెళ్లాలని ఎవరైనా అడిగితే నేను చూడదగ్గ ప్రదేశాల జాబితా ముందు తీయను. రోజుకు ఎన్నిసార్లు ఎత్తించుకోవాలి, ఎన్నిసార్లు మనంతట మనం బయటికి వెళ్లి రావచ్చు అన్నది చూస్తాను. ఈ కొలతతో చూస్తే పేరుగొప్ప ఊళ్లు కొన్ని కిందికి దిగిపోతాయి.

మీరు నాలుగడుగులు వేయగలరా, అసలు వేయలేరా అన్నది ముందు తేల్చుకోవాలి. టికెట్ కొనేటప్పుడు విమానయాన సంస్థలు వాడే గుర్తులు మూడు. మెట్లెక్కగలిగి దూరం నడవలేనివారు డబ్ల్యూసీహెచ్ఆర్. మెట్లెక్కలేరు గానీ విమానం లోపల సీటు దాకా నడవగలిగేవారు డబ్ల్యూసీహెచ్ఎస్. అడుగు వేయలేనివారు డబ్ల్యూసీహెచ్‌సీ. నేను మూడో రకం. మోకాళ్ల నొప్పులకు వీల్‌చైర్ అడిగే పెద్దవాళ్లు మొదటి రకం. కింద రాసినదంతా మూడో రకం మనిషి చూపుతో రాసినది. మొదటి రకం వారు నేను వద్దన్న ఊళ్లకు కూడా నిక్షేపంగా వెళ్లిరావచ్చు.

విమానంలోనే నాలుగు

మన కుర్చీ విమానం తలుపు దాకానే వస్తుంది. అక్కడి నుంచి సీట్ల నడుమ పట్టే ఇరుకు కుర్చీలోకి ఒకసారి ఎత్తాలి, దాంట్లోంచి సీటులోకి ఇంకోసారి. దిగేటప్పుడు మళ్లీ రెండు. అంటే ఒక విమానానికి నాలుగు. మధ్యలో ఒకచోట మారితే ఎనిమిది. ఇది తెలిశాక నేను గన్నవరంలో విమానం ఎక్కి హైదరాబాద్‌లో మారడం మానేశాను. గన్నవరం నుంచి హైదరాబాద్‌కు తిరిగేవి చాలావరకు చిన్న విమానాలు. వాటికి ఏరోబ్రిడ్జి, అంటే భవనం నుంచి విమానం తలుపు దాకా వేసే నడక వంతెన, ఉండదు, తలుపు ఇరుకు, లోపల ఇంకా ఇరుకు. దానికంటే గుంటూరు నుంచి శంషాబాద్‌కు ఐదారు గంటలు కారులో వెళ్లడమే నాకు సుఖం. దారిలో పడుకోవచ్చు, మన పెరుగన్నం మనం తినొచ్చు. గన్నవరం నుంచి మీరు వెళ్లే ఊరికే నేరు విమానం ఉంటే మాత్రం వదులుకోకండి.

శంషాబాద్ నుంచి సింగపూర్‌కు, దుబాయ్‌కి, లండన్‌కు నేరుగా వెళ్లవచ్చు. మొదటి రెండూ నాలుగైదు గంటల్లోపు ప్రయాణాలే. అమెరికా అయినా, జపాన్ అయినా ఎక్కడో ఒకచోట మారాల్సిందే. ఎత్తడాల పట్టికలో అవి బయలుదేరకముందే వెనకబడ్డాయన్నమాట.

సీట్ల మధ్య నడిచే దారి ఒక్కటే ఉండే విమానాల్లో మరుగుదొడ్డి మనకు పనికిరాదు. దానికి భయపడి చాలామంది ముందురోజు నుంచే నీళ్లు మానేస్తారు. నేనూ ఒకసారి ఆ పని చేసి, దిగిన రెండో రోజు జ్వరంతో హోటల్ మంచం మీద గడిపాను. మూత్రం సంచి, కాథెటర్ వాడేవారు ఎన్ని అవసరమో వైద్యుడిని అడిగి, దానికి రెట్టింపు చేతిసంచిలోనే పెట్టుకోవాలి.

తొలిసారి అయితే: సింగపూరా, దుబాయా?

నా ఓటు సింగపూర్‌కే, రెండో మాట లేదు. అక్కడి మెట్రో రైలును ఎంఆర్‌టీ అంటారు. ప్రతి స్టేషన్‌లోనూ వీధి నుంచి ప్లాట్‌ఫాం దాకా మెట్లు లేని దారి కనీసం ఒకటి ఉంటుంది. ప్లాట్‌ఫాం, రైలు నేల ఇంచుమించు ఒకే మట్టం. 2020 చివరినాటికి ప్రజారవాణా బస్సులన్నిటినీ వీల్‌చైర్ ఎక్కగలిగేవిగా మార్చేశారు. డ్రైవరే దిగివచ్చి మడత ర్యాంపు పరుస్తాడు. ఎక్కాక మనం సర్దుకునే దాకా బండి కదలదు, వెనక ఎవరూ హారన్ కొట్టరు. భవనాల్లో వికలాంగులకు వీలుండాలన్న నిబంధనలు అక్కడ 1990 నుంచే ఉన్నాయి. ముప్పై ఐదేళ్ల అలవాటు ఊరంతా కనిపిస్తుంది.

మూడో రోజు పొద్దున్నే మెలకువ వచ్చింది. మా ఆవిడ నిద్రపోతోంది. లేపకుండా కుర్చీలోకి జరిగి, లిఫ్టులో దిగి, రోడ్డు దాటి, హాకర్ సెంటర్ అనే తిండి దుకాణాల సముదాయంలో కాఫీ తాగి, రెండు స్టేషన్ల దూరం రైలెక్కి ఊరికే తిరిగి వచ్చాను. గదికి వచ్చేసరికి ఆవిడ ఫోను చేతిలో పట్టుకుని కళ్లనీళ్లతో ఉంది. పదేళ్ల తర్వాత మొదటిసారి నేను చెప్పకుండా బయటికి వెళ్లాను మరి. తిట్లు బాగానే పడ్డాయి. ఆ రోజు ఎత్తడాల లెక్క సున్నా.

లోపాలు లేవని కాదు. మన భోజనం కోసం లిటిల్ ఇండియా వెళ్తే పాత దుకాణాల వరండాలు ఒక్కోటి ఒక్కో ఎత్తులో ఉంటాయి, మధ్యమధ్య మెట్లు. పాత ఇళ్లను మార్చి పెట్టిన చిన్న హోటళ్లు చవగ్గా కనిపిస్తాయి, వాటిలో చాలాచోట్ల లిఫ్టు ఉండదు. మామూలు టాక్సీలు మన ఊరి కార్ల లాంటివే, కుర్చీ మడిచి డిక్కీలో పెట్టాలి. హోటల్ ఖర్చు ఎక్కువే గానీ, టాక్సీల మీద పెట్టే డబ్బు దాదాపు మిగిలిపోతుంది. వాన ఏ నిమిషంలోనైనా వస్తుంది. కుర్చీ చక్రాలకు తడి తగిలితే చేతులు జారతాయి, పట్టున్న చేతి తొడుగులు తీసుకెళ్లండి.

దుబాయ్ భవనాల లోపల సింగపూర్‌కు ఏమాత్రం తీసిపోదు. 2009 సెప్టెంబరు 9న మొదలైన మెట్రోలో స్టేషన్లన్నిటికీ లిఫ్టులు, బోగీల్లో వీల్‌చైర్‌కు చోటు ఉన్నాయి. 828 మీటర్ల బుర్జ్ ఖలీఫాలో సందర్శకుల అంతస్తుకు కుర్చీతోనే వెళ్లి వచ్చాను. వికలాంగులను అక్కడి ప్రభుత్వం 'సంకల్పబలం ఉన్నవారు' అనే అర్థం వచ్చే పేరుతో పిలుస్తుంది. పేరు సంగతి ఎలా ఉన్నా, ర్యాంపులు మాత్రం నిజంగానే ఉన్నాయి. చిక్కంతా భవనం బయట. ఊరు కారు కోసం కట్టిన ఊరు. మ్యాపులో పక్కపక్కనే ఉన్న రెండు భవనాల మధ్య పన్నెండు వరసల రోడ్డు అడ్డం వస్తుంది. మెట్రో దిగాక మిగిలే చివరి కిలోమీటరు ఎండలో తోసుకోవాలి. మన రోహిణి కార్తె చూసినవాళ్లమే అయినా, మే నెల నుంచి సెప్టెంబరు దాకా అటువైపు చూడకపోవడం మంచిది. పాత దేరా వైపు క్రీక్ అనే సముద్రపు పాయను దాటించే చెక్క పడవలు ముచ్చటగా ఉంటాయి, ఎక్కాలంటే మనిషి పట్టాల్సిందే. ఎడారి సఫారీ ప్యాకేజీలో ఉచితమని ఊరిస్తారు. ఇసుకతిన్నెల మీద జీపు ఎగిరెగిరి పడుతుంది. వెన్నుపాము దెబ్బ ఉన్నవారికి, కూర్చునేచోట పుండ్లు పడే స్వభావం ఉన్నవారికి అది వద్దే వద్దు.

కాబట్టి చుట్టాలు అక్కడ ఉండి, వాళ్ల కారులో తిరిగేటట్లయితే, డిసెంబరు, జనవరిలో దుబాయ్. మీ అంతట మీరు తిరగాలనుకుంటే సింగపూర్.

బ్యాంకాక్ గురించి చాలామంది అడుగుతారు, చవక గనుక. అక్కడి ఎత్తు రైలు మార్గం 1999లో మొదలైనప్పుడు 23 స్టేషన్లలో ఐదింటికే లిఫ్టులు ఉండేవి. వికలాంగులు కోర్టుకెక్కి ఏళ్ల తరబడి పోరాడితే, మిగతావాటికీ పెట్టాలని 2015లో అక్కడి అత్యున్నత పరిపాలనా న్యాయస్థానం తీర్పిచ్చింది. ఆ పోరాడినవాళ్లకు దండం పెట్టాలి. రైలు మారింది గానీ ఫుట్‌పాత్‌లు మాత్రం మన విజయవాడ బీసెంట్ రోడ్డుకు అన్నదమ్ములే. రెండో ప్రయాణానికి ఉంచుకోండి.

ఐరోపా ప్యాకేజీకి ముందు ఒక మాట

మా మేనల్లుడు ఒకసారి ఉత్సాహంగా వచ్చాడు. "మామయ్యా, పదకొండు రోజులు, ఏడు దేశాలు, మన భోజనం. నిన్ను బస్సులోకి నేను ఎక్కిస్తాను."

"బస్సుకు ఎన్ని మెట్లురా?"

"నాలుగైదు ఉంటాయి."

నేను కాగితం మీద లెక్క వేశాను. రోజుకు బస్సు ఎక్కడం, దిగడం కలిపి తక్కువలో తక్కువ ఎనిమిది సార్లు. పదకొండు రోజులకు ఎనభై ఎనిమిది. వాడు కాగితం చూసి మారు మాట్లాడలేదు. గుంపు యాత్రల బస్సులు ఎత్తుగా ఉంటాయి, లిఫ్టు ఉన్నవి అరుదు. ఒక్కో చోట ముప్పావు గంట ఆపుతారు. అందులో అరగంట మనం దిగి ఎక్కడానికే చాలదు. ఒకే ఊళ్లో ఐదు రాత్రులు ఉండటం మనకు సరిపడే పద్ధతి.

ఆ ఊరు లండనా, పారిసా అంటే లండన్. ప్రపంచంలో మొదటి భూగర్భ రైలు 1863లో అక్కడే మొదలైంది. ఆ ముసలితనం వల్లే పాత ట్యూబ్ స్టేషన్లలో సుమారు మూడో వంతుకే మెట్లు లేని దారి ఉంది. అయినా గెలిచింది ఎందుకంటే, భూమి పైన ఉన్నవి అంత బాగున్నాయి. నల్ల టాక్సీలన్నిటిలోనూ ర్యాంపు ఉంటుంది. చెయ్యెత్తితే ఆగుతుంది, కుర్చీలోంచి దిగకుండానే లోపలికి వెళ్లిపోవడమే. బస్సులన్నిటికీ ర్యాంపు ఉంది, వీల్‌చైర్‌లో ఉన్నవారికి బస్సు టికెట్ లేదు. ఒక బస్సులో ఒక్క వీల్‌చైర్‌కే చోటు, అది నిండితే తర్వాతి బస్సు. 2022 మే 24న ప్రారంభమైన ఎలిజబెత్ లైనులో 41 స్టేషన్లకూ వీధి నుంచి ప్లాట్‌ఫాం దాకా మెట్లు లేవు. హీత్రో విమానాశ్రయం నుంచి ఊళ్లోకి ఆ లైనే వస్తుంది. బ్రిటిష్ మ్యూజియంకు ప్రవేశం ఉచితం. అమరావతి స్తూపం నుంచి తరలిపోయిన సున్నపురాతి శిల్పాలు అక్కడే ఉన్నాయి. మా ఊరికి ముప్పై కిలోమీటర్ల దూరంలోని శిల్పాలను చూడటానికి సముద్రాలు దాటి వెళ్లి, లిఫ్టులో దిగి చూడటం నాకు నవ్వూ తెప్పించింది, ఇంకేదో కూడా.

లండన్‌లో మోసం చేసేది హోటల్. పాతకాలపు వరస ఇళ్లలో పెట్టిన హోటళ్లకు గుమ్మంలోనే మెట్లుంటాయి. వాళ్ల నోట కూడా "రెండే మెట్లు" అన్న మాట ఇంగ్లిషులో విన్నాను!

పారిస్‌లో మెట్రో మీద ఆశ పెట్టుకోకండి. 1998లో మొదలైన 14వ లైను పూర్తిగా వీలైనది, పాత లైన్లలో ఎక్కువ భాగం మెట్లమయం. 2024లో పారాలింపిక్స్ జరిపిన నగరం ఇది. బస్సులు మాత్రం బాగున్నాయి. ఈఫిల్ టవర్ రెండో అంతస్తు దాకా వీల్‌చైర్ వెళ్తుంది, కొసకు వెళ్లనివ్వరు. లూవ్ర్ మ్యూజియంలో వికలాంగులకు, తోడు వచ్చినవారికి ప్రవేశం ఉచితం. ఇంగ్లిషులో రాసిన వైద్యుడి ధ్రువపత్రం, మన యూడీఐడీ (వికలాంగుల గుర్తింపు) కార్డు రెండూ దగ్గర ఉంచుకోండి. లండన్ నుంచి యూరోస్టార్ రైల్లో వీల్‌చైర్‌కు ప్రత్యేక స్థలం ఉంటుంది గనుక రెండు మూడు రోజులకు వెళ్లి రావచ్చు. కాకపోతే బ్రిటన్ వీసా వేరు, షెంజెన్ వీసా వేరు. రెండు దరఖాస్తులు, రెండు ఫీజులు. బార్సిలోనా కూడా మంచి ఊరే, 1992 పారాలింపిక్స్ అక్కడే జరిగాయి, మెట్రో స్టేషన్లలో ఎక్కువ వాటికి లిఫ్టులున్నాయి. రోమ్‌లో రాళ్లు పరిచిన వీధులు చిన్న ముందు చక్రాలను పట్టేస్తాయి.

జపాన్: మర్యాద ఎక్కువ, గది తక్కువ

భవానీపురంలో ఉండే మిత్రుడు బ్యాటరీ కుర్చీతో జపాన్ వెళ్లివచ్చాడు. 2006 నాటి చట్టం ప్రకారం అక్కడ స్టేషన్లు, పెద్ద భవనాలు అడ్డంకులు లేకుండా ఉండాలి. రైలెక్కేచోట ఉద్యోగి ర్యాంపు పట్టుకుని వస్తాడు, దిగే స్టేషన్‌కు ముందే కబురు పంపుతాడు, అక్కడ ఇంకో ఉద్యోగి ర్యాంపుతో సిద్ధంగా ఉంటాడు. ఆ ఏర్పాటుకు పది పదిహేను నిమిషాలు పట్టవచ్చు. సింగపూర్‌లో ఎవరినీ అడగక్కర్లేదు, జపాన్‌లో అడగాలి గానీ అడిగితే లేదనరు. తేడా అంతే. విశాలమైన మరుగుదొడ్లు స్టేషన్లలోనూ, పెద్ద దుకాణాల్లోనూ దొరుకుతాయి. నన్నడిగితే ఆ ఒక్క విషయంలో జపాన్‌దే మొదటి స్థానం.

హోటల్ గదులు మాత్రం అగ్గిపెట్టెలు. మామూలు గదుల్లో స్నానాలగది నేల ఎత్తుగా, గడపతో ఉంటుంది. క్యోటోలో చాలా గుళ్లకు కంకర దారులు, మెట్లు. టోక్యో అసకుసలోని సెన్సోజీ గుడికి లిఫ్టు ఉంది. కరెంటు 100 వోల్టులు, ఛార్జరు మీద 100 నుంచి 240 అని రాసి ఉందో లేదో చూసుకోకపోతే బ్యాటరీ కుర్చీ బొమ్మలా కూర్చుంటుంది. శాకాహారులకు ఇబ్బందే. పచ్చళ్లతోనే గడిపానన్నాడు మావాడు.

బ్యాటరీ కుర్చీ ఉన్నవారికి ఒక లెక్క. ఊడదీయగలిగే లిథియం బ్యాటరీ అయితే దాన్ని విమానం లోపలికి చేతిసంచిలో తీసుకెళ్లాలి, 300 వాట్ అవర్లు దాటకూడదు. వోల్టులను ఆంపియర్ అవర్లతో గుణించండి. 24 వోల్టులు, 12 ఆంపియర్ అవర్లు అయితే 288, ఫరవాలేదు. 24 వోల్టులు, 15 అయితే 360, కుదరదు. కుర్చీ కొనేముందే ఈ గుణింతం చేసుకున్నవాడు ధన్యుడు. ప్రయాణానికి కనీసం 48 గంటల ముందు విమాన సంస్థకు కుర్చీ బరువు, బ్యాటరీ రకం రాసి పంపి, వాళ్ల జవాబును కాగితం మీద ముద్రించి ఉంచుకోండి.

అమెరికా: వీధి బాగుంది, ఇల్లే సమస్య

గుంటూరు, విజయవాడల్లో సగం మందికి విదేశమంటే పిల్లల దగ్గరికి వెళ్లడమే. మా అబ్బాయి డాలస్ శివార్లలో ఉంటాడు. 1990 జులై 26న వచ్చిన వికలాంగుల చట్టం వల్ల అక్కడ దుకాణం, హోటలు, సినిమా హాలు, సిటీ బస్సు, ఎక్కడైనా కుర్చీతో వెళ్లవచ్చు. ఆ చట్టం సొంత ఇళ్లకు వర్తించదు. అసలు సంగతి అక్కడ ఉంది.

మా అబ్బాయి ఇంటికి గ్యారేజీలోంచి లోపలికి ఒక మెట్టు, ముందు గుమ్మానికి రెండు. పడకగదులన్నీ పైన. కింద ఉన్న మరుగుదొడ్డిలో స్నానానికి చోటు లేదు, దాని తలుపులో నా కుర్చీ పట్టలేదు. నేలంతా మెత్తటి తివాచీ, చక్రాలు బురదలో కూరుకున్నట్లే. వాడి కారు సీటు నా కుర్చీ కంటే జానెడు ఎత్తు. మొదటి వారం ఎత్తడాల లెక్క గుంటూరును మించిపోయింది. "నాన్నా, ముందే కొలుచుకోవాల్సింది" అని వాడు ఒకటే బాధపడ్డాడు. తర్వాత మడత ర్యాంపు, తొట్టి అంచు మీదుగా జరిగి కూర్చునే స్నానపు బల్ల, కారులోకి జారడానికి నున్నటి చెక్క పలక తెచ్చాడు. మూడూ మందుల దుకాణాల్లోనో, ఆన్‌లైన్‌లోనో దొరికేవే. కింద పడకగది, స్నానాలగది ఉన్న స్నేహితుల ఇల్లు దొరికితే అక్కడ దిగడం, లేదంటే దగ్గరి హోటల్‌లో వీల్‌చైర్ గది తీసుకోవడం నయం. పిల్లలు నొచ్చుకుంటారు, నొచ్చుకోనివ్వండి. ర్యాంపు ఉన్న వ్యాన్లు అద్దెకు దొరుకుతాయి, అద్దె ఎక్కువ. నెల రోజులు ఉండేవాళ్లకు ఒకటి రెండు వారాంతాలకైనా తీసుకుంటే బయటి ప్రపంచం కనిపిస్తుంది.

కుర్చీ విరిగితే

ఒక ప్రయాణంలో నా కుర్చీ పాదాలపలక విరిగి, బ్రేకు వంగి వచ్చింది. అప్పటికే అలసిపోయి, హోటల్‌కు వెళ్లాక చూద్దామని బయటికి వచ్చేశాను. అదే తప్పు. సామాను వచ్చే హాలు దాటకముందే ఫిర్యాదు పత్రం రాయించుకోవాలి. అంతర్జాతీయ ప్రయాణాలకు వర్తించే మాంట్రియల్ ఒప్పందం ప్రకారం పాడైన సామాను గురించి ఏడు రోజుల్లోపు లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. పరిహారానికి పరిమితి 1,519 ఎస్‌డీఆర్‌లు (అంతర్జాతీయ ద్రవ్యనిధి లెక్కకు వాడే యూనిట్లు), మన డబ్బులో లక్షా డెబ్బై వేల పైచిలుకు. కుర్చీ ఖరీదు అంతకు మించితే, చెక్-ఇన్ దగ్గరే దాని విలువ ప్రకటించి అదనపు రుసుము కట్టే వీలుంది. ఇప్పుడు నేను కుర్చీ అప్పగించేముందు నాలుగు వైపులా ఫొటోలు తీస్తాను. పాదాలపలకలు, పక్క రేకులు, దిండు ఊడదీసి నాతో లోపలికి తెచ్చుకుంటాను. దిగాక కుర్చీని విమానం తలుపు దగ్గరికే తెచ్చివ్వాలని రాసిన చీటీ కట్టిస్తాను.

ఊరు ఖాయం చేసుకున్నా టికెట్ అప్పుడే కొనకండి, ముందు గది. వీల్‌చైర్ గదులు ఒక్కో హోటల్‌కు రెండో మూడో ఉంటాయి, మిగతావన్నీ ఖాళీగా ఉన్నా అవి ముందే నిండిపోతాయి. "వీల్‌చైర్‌కు అనుకూలమేనా?" అని అడిగితే భూమ్మీద ఏ హోటలైనా అవుననే అంటుంది. స్నానాలగది తలుపు వెడల్పు ఎన్ని సెంటీమీటర్లు, కుర్చీతోనే షవర్ కిందికి వెళ్లవచ్చా లేక తొట్టి ఉందా, కమోడ్ పక్కన కడ్డీ ఏ వైపు, మంచం ఎత్తు ఎంత, వీధి నుంచి లిఫ్టు దాకా ఒక్క మెట్టయినా ఉందా అని రాయండి. టేపు పెట్టి కొలిచిన ఫొటో పంపమనండి. నా కుర్చీ వెడల్పు 64 సెంటీమీటర్లు, 75కు తక్కువ తలుపు చెబితే ఆ హోటల్ వదిలేస్తాను. ఫొటో పంపినవాళ్ల దగ్గరే దిగుతాను. మూడు హోటళ్లకు రాస్తే ఒకటి పంపుతుంది.